మోకాళ్ళ డాక్టరు

సౌదీలోని హుఫూఫ్ ఆసుపత్రిలో అరబ్బులు ఆయన్ని దక్తూర్ సిరిల్ అనేవారు. గది తలుపు మీద సిరిల్ ప్యాడ్‌విక్, నరాల వైద్యుడు అని ఉండేది. లేబర్ క్యాంపుల్లోని మనవాళ్ళకి మాత్రం ఆయన మోకాళ్ళ డాక్టరు. తలనొప్పి అని వెళ్ళినా, చెయ్యి తిమ్మిరెక్కిందని వెళ్ళినా, మూతి వంకర పోయిందని వెళ్ళినా ఆయన ముందుగా రబ్బరు సుత్తి తీసి మోకాలి కింద కొట్టేవాడు. కాలు ఎగిరిపడేది. డెబ్భై దాటిన ఆ మనిషి ముఖం టపాసు పేలినప్పుడు పిల్లల ముఖంలా వెలిగేది. కొన్నిసార్లు ఏ అవసరమూ లేకుండా రెండోసారి కూడా కొట్టేవాడు.

నేను ఆ ఆసుపత్రి మందుల స్టోరులో పనిచేశాను. ఇక్కడ రాస్తున్నదాంట్లో కొంత నేను చూసింది, కొంత ఆయన ఖర్జూరాలు నములుతూ చెప్పింది, మిగతాది దుబాసీ ఇస్మాయిల్ చెప్పింది. ఇస్మాయిల్‌ది కడప. అతను చెప్పినదాంట్లోంచి పావు వంతు తీసేసి రాస్తున్నాను.

డాక్టరు పుట్టింది ఇంగ్లండుకి ఉత్తరాన, ఒక బొగ్గుగనుల ఊళ్ళో. తండ్రి పియానోలు శ్రుతి చేసేవాడు. ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో మెట్టూ నొక్కి, లోపల ఏ తీగ వదులైందో చెవితో పట్టేవాడు. కొడుకు సంచి మోస్తూ వెంట తిరిగాడు. "నేను చేసేదీ ఆయన పనే. బయట కొట్టి, లోపల ఏ తీగ పాడైందో వింటాను" అనేవాడు.

ఆయన చదువుకునే రోజుల్లో నరాల డాక్టర్లు లండన్‌లో కూడా వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. మిగతా డాక్టర్లు వాళ్ళని చూసి నవ్వుకునేవారట, జబ్బుకి గొప్ప పేరు పెడతారు గానీ నయం చెయ్యరు అని. గురువు మాత్రం ఆయనకొక పద్ధతి నేర్పాడు. రోగి పాదాన్ని మంచం చివర నిలబడి చూడకూడదు. కింద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని చూడాలి. ఆ పద్ధతి ఆయన ఎక్కడికి వెళ్ళినా తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తలకి దెబ్బ తగిలి, కళ్ళు తిరిగి నిలబడలేని సిపాయిలని వరసగా నిలబెట్టి బంతులాడించాడు. పాటలు పాడించి నడిపించాడు. తర్వాత పెద్దాసుపత్రిలో ఉద్యోగం, పెళ్ళి, రిటైర్మెంటు. భార్య పోయాక, ఇక తోటలో గులాబీలు కత్తిరించుకుంటూ ఉండమన్నారు బంధువులు. గులాబీలకి మోకాళ్ళుండవని సౌదీ వచ్చేశాడు.

ఇరాక్ కువైట్‌ని పట్టుకున్నాక ఆసుపత్రిలోని తెల్లవాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. ఆయన కదల్లేదు. సైరన్ మోగితే గ్యాస్ మాస్కు తగిలించుకుని, ఆ తొండం ముఖంతోనే వార్డంతా తిరిగి మోకాళ్ళు కొట్టేవాడు. రోగులకి క్షిపణి కంటే ఆయనంటేనే ఎక్కువ భయంగా ఉండేది.

క్షిపణి మీద పడకుండానే ఆ యుద్ధంలో దెబ్బ తిన్నవాడు భోజన్న. అతనిది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఇనప పైపులతో పరంజా కట్టే పని. హుఫూఫ్ శివార్లో ఖర్జూరం తోటల మధ్య లేస్తున్న నీళ్ళ ట్యాంకుకి పునాది నుంచీ అతనే పరంజా కడుతున్నాడు. ఒక సాయంత్రం సైరన్ మోగితే క్యాంపులో కింది మంచం మీంచి గబుక్కున లేచి, పై మంచం ఇనప కడ్డీకి తల కొట్టుకున్నాడు. యుద్ధం ఆగింది గానీ తల తిరగడం ఆగలేదు. పక్కకి ఒత్తిగిలితే గది గిర్రున తిరిగేది. పైకి చూస్తే ట్యాంకు గిర్రున తిరిగేది.

ఫోర్‌మన్ సలీం పెషావరు మనిషి. భోజన్న నిచ్చెన పట్టుకుని ఊగుతుంటే చూసి, ఇతనికి మూర్ఛ అని నిర్ణయించేశాడు. వీసా ఇచ్చిన కఫీల్ ఒకటే మాట చెప్పాడు. మోకాళ్ళ డాక్టరు ఫిట్ అని రాస్తే ఉండొచ్చు, అన్‌ఫిట్ అంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపించెయ్యడమే.

"పునాది కాడికెల్లి పైపు మీద పైపు నేనే ఎక్కించుకుంట వచ్చిన, ఇస్మాయిల్ భాయ్," అన్నాడు భోజన్న, డాక్టరు గది బయట కూర్చుని. "అన్నిటికన్న మీది పైపు ఇంకొకడు బిగిస్తె ఎట్ల? ఇంటికి వోయి ఏం జెప్పాలె? సగం ట్యాంకు కట్టొచ్చిన్నని జెప్పాల్నా?"

"ముందు లోపలికి రాప్పా. ఎగ్జిట్ సంగతి మళ్ళ ఏడుస్తువులే," అన్నాడు ఇస్మాయిల్.

లోపల మోకాళ్ళ పరీక్ష బాగానే జరిగింది. తర్వాత డాక్టరు అలవాటు ప్రకారం పొట్టి స్టూలు లాక్కుని కింద కూర్చున్నాడు. భోజన్న పాదాన్ని రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు తాళంచెవితో అరికాలు మీద మడమ నుంచి వేళ్ళదాకా గీశాడు. బొటనవేలు కిందికి వంగితే మెదడు క్షేమం. పైకి లేస్తే లోపల ఏదో తీగ చెడినట్టు.

భోజన్న బొటనవేలు ఆకాశం వైపు లేచింది. దాంతోపాటు కాలు మొత్తం ఎగిరి వెనక్కి వెళ్ళింది. ఆ వెంటనే మనిషి ముందుకి వంగి, డాక్టరు బూట్ల వైపు చేతులు చాచి, గిర్రున తిరిగి డాక్టరు ఒళ్ళో పడ్డాడు.

డాక్టరు అతన్ని లేపి కూర్చోబెట్టి రెండో కాలు పట్టుకున్నాడు. మళ్ళీ వేలు లేచింది, కాలు ఎగిరింది, మనిషి పడ్డాడు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత వయసు వచ్చినా ఇలాంటి జబ్బు ఎక్కడా చూడలేదన్నాడు. ఇస్మాయిల్ చెప్పినదాని ప్రకారం, ఆ క్షణంలో ఆ జబ్బుకి ఒక పేరు కూడా ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు ఆయనదే.

పరుగున వెళ్ళి, తెల్లగడ్డం సూడాన్ డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పట్టుకున్నా అదే తంతు, భోజన్న ఈసారి సూడానాయన ఒళ్ళో పడ్డాడు. డాక్టరు ఆనందం పట్టలేక కొత్తగా చేరిన ఈజిప్టు డాక్టర్ని పిలిచాడు. మీసం ఇంకా సరిగ్గా దిద్దుకోని ఆ డాక్టరు అరికాలు గీశాడు. కాలు కదల్లేదు. బొటనవేలు బుద్ధిగా కిందికి వంగింది. భోజన్న చెయ్యెత్తి అతని తలమీద పెట్టి, "సల్లగ బతుకు బిడ్డా" అన్నాడు.

డాక్టర్లు ముగ్గురూ ఒకరి తల ఒకరు చూసుకున్నారు. తెల్లవెంట్రుకలు కనిపిస్తే వచ్చి, నల్లవెంట్రుకలు కనిపిస్తే పోయే జబ్బు ఏ పుస్తకంలోనూ లేదు.

"అతన్ని అడుగు," అన్నాడు డాక్టరు నెమ్మదిగా, "నా మీద కోపమేమో అడుగు."

"ఏమప్పా, పెద్దాయన పట్టుకుంటే కాలు ఎందుకు గుంజుకుంటాండావు?" అన్నాడు ఇస్మాయిల్.

"మంచిగడిగినవ్ గదా," అన్నాడు భోజన్న. "ఆయన మా తాత తీరుగున్నడు. అసోంటాయన నా కాలు ఒళ్ళె వెట్టుకుంటె నాకు పాపం తాకదా? గుంజుకోకుంట ఎట్లుంట? కాళ్ళకు మొక్కుదామని వంగితె తల తిర్గవట్టె, ఆయన మీదనే వడితి."

"మరి ఈ ఈజిప్టాయనో?"

"ఈ పిలగాడా? మా తమ్మునికన్న చిన్నగున్నడు. చిన్నోడు కాళ్ళు వట్టుకుంటె దీవించద్దా?"

ఇస్మాయిల్ అంతా ఇంగ్లీషులోకి మార్చాడు. డాక్టరు ముఖంలో ముందు కొంచెం దిగులు కనిపించింది, పేరు పెట్టబోయిన జబ్బు చేజారినందుకు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. స్టూలు మీద కూర్చోలేక నేల మీదికి జారి నవ్వాడు. "ఇన్నేళ్ళూ పాదాల్ని నేనే పరీక్ష చేస్తున్నాననుకున్నాను. నా వయసు అడిగిన పాదం ఇదే మొదటిది" అన్నాడు.

నవ్వు తగ్గాక అసలు జబ్బు వెతికాడు. భోజన్నని పడుకోబెట్టి, తలని చటుక్కున మంచం అంచు కిందికి వంచి పక్కకి తిప్పాడు. భోజన్న కనుగుడ్లు గిలగిలా కొట్టుకున్నాయి.

"అయ్యో, గోడ మీదికొస్తాంది ఇస్మాయిల్ భాయ్."

"మాఫీ ముష్కిల్," అన్నాడు డాక్టరు తనకొచ్చిన రెండు ముక్కల అరబ్బీలో, ఏ కష్టమూ లేదని. చెవి లోపల మనిషిని నిలబెట్టే సన్నటి రేణువులుంటాయనీ, కడ్డీ దెబ్బకి అవి చోటు తప్పాయనీ చెప్పాడు. మందు లేదు. రోజూ కావాలని తల తిప్పుకుంటూ ఉంటే, తిరిగి తిరిగి తలకే విసుగు పుట్టి ఊరుకుంటుంది. అయితే ఫిట్ అని ఇప్పుడే రాయనన్నాడు. ట్యాంకు మీద చూశాకే రాస్తానన్నాడు.

శుక్రవారం సెలవు. డాక్టరు ఒక సంచీ నిండా నారింజలతో క్యాంపుకొచ్చాడు. లుంగీలు కట్టుకున్న మనవాళ్ళందరినీ ఇసకలో వరసగా నిలబెట్టాడు. నారింజ పైకి విసరాలి, కళ్ళతో దాని వెంట వెళ్ళాలి, గిర్రున తిరిగి పట్టుకోవాలి, పక్కవాడికి విసరాలి. భోజన్న ఒక్కడికే చాలు ఆ వైద్యం. కానీ ఒక్కడే చేస్తే సిగ్గుపడతాడని అందరికీ పెట్టాడు. కాసేపటికి ఎవరికి జబ్బో ఎవరికి లేదో తెలియకుండా అందరూ తూలుతున్నారు. తన యుద్ధంనాటి పాట డాక్టరు ఎత్తుకుంటే, మనవాళ్ళు దానికి బతుకమ్మ చప్పట్లు కొట్టారు.

సలీం జీపు దిగి చూసి ఆగిపోయాడు. "సబ్ కే సబ్ పాగల్ హో గయే క్యా?" అన్నాడు, అందరికీ పిచ్చెక్కిందా అని.

డాక్టరు అతని చేతిలో ఒక నారింజ పెట్టాడు. సలీం అటూ ఇటూ చూసి, కఫీల్ ఎక్కడా లేడని తెలుసుకుని, పైకి విసిరాడు. అందరికంటే ఎత్తుగా వెళ్ళింది.

అలా కొన్ని శుక్రవారాలు గడిచాయి. భోజన్న ఒత్తిగిలినా గది కదలడం మానేసింది. ట్యాంకు మీదికి ఎక్కే రోజు డాక్టరు తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. సలీం కాగితం, కలం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. భోజన్న నడుముకి బెల్టు బిగించుకుని, పానా జేబులో దోపుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దూరంలో ఒకసారి ఆగి, కావాలనే తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. అక్కణ్ణుంచి ఉడతలా పోయాడు. పై పైపుకి పట్టీ వేసి పానాతో బిగించిన చప్పుడు కిందికి వినిపించింది.

ఆ బిగింపు చూడాలని డాక్టరు మెడ వెనక్కి వంచాడు. ఇంకా వంచాడు. టోపీ జారిపడింది. దాని వెనకాలే ఆయనా మెల్లగా ఇసకలో వెల్లకిలా పడ్డాడు.

"తిరుగుతోంది," అన్నాడు ఆకాశంతో, ఎంతో సంతోషంగా. "ట్యాంకు గిర్రున తిరుగుతోంది."

భోజన్న ఎలా దిగాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి ఇసకలో కూర్చుని ఉన్నాడు. డాక్టరు బూటు లాగేసి, మేజోడు ఊడదీసి, ఆ ముసలి తెల్లపాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పానా పిడితో అరికాలు మీద మడమ నుంచి వేళ్ళదాకా గీశాడు. బొటనవేలు కిందికి వంగింది.

"సార్ ఫిట్టే ఉన్నడు, ఇస్మాయిల్ భాయ్. ఎగ్జిట్ అద్దని జెప్పు."

ఇస్మాయిల్ అది ఇంగ్లీషులో చెప్పేలోపే డాక్టరు చెయ్యి దానంతటదే లేచి భోజన్న తలమీద నిలిచింది. సలీం వంగి, రెండో చేతికి కలం అందించాడు. పడుకునే రాశాడు, ఫిట్ అని. సంతకం కాగితం దాటి సలీం చొక్కా కఫ్ మీదికి పోయింది. ఆయన తల ఇంకా తిరుగుతూనే ఉంది.