ఖానాపూర్ పసుపు చేలు, గోదావరిలో కడిగిన తాపీ

నేను గోదావరిలో తాపీ కడుగుతుంటే శ్రవణ్ చూస్తూ నిలబడ్డాడు. అది తప్పని వాడికి తెలుసు. అయినా వద్దనలేదు.

నేను కరీంనగర్‌లో మరమగ్గం నడుపుతాను. మట్టిలో బతికే నులిపురుగుల గురించి ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పీహెచ్‌డీ అయ్యాక వాటి మీదే పరిశోధన చేస్తున్న ఒక మేడమ్, మట్టి తేవడానికి నన్నూ శ్రవణ్‌నూ పెట్టుకున్నారు. ఏ చేను పురుగుల జన్యువులు ఏ చేను వాటికి దగ్గరో ఆమె చూస్తారు. మట్టి బాగా తెచ్చినవాడికి ల్యాబ్‌లో నెల రోజుల శిక్షణ అన్నారు. నాకు అంతకన్నా కావలసింది లేదు. శ్రవణ్ ఎమ్మెస్సీ చదివాడు. వాడు గ్లౌజులు తొడుక్కుంటుంటే చూసినా నాకు కడుపు మండేది.

పొద్దున ఆరింటికి బస్సెక్కి, జగిత్యాల మీదుగా వెళ్లి మెట్‌పల్లిలో మారితే ఖానాపూర్ చేరేసరికి పది దాటింది. అక్కడ ఆటో ఐదు వందలకు రోజంతా తిరుగుతుంది, గట్టిగా బేరమాడితే. డ్రైవర్ మల్లన్న మట్టి నింపడానికి తెచ్చిన మా డబ్బాలు చూసి నవ్వాడు.

"గీ పురుగులతోని ఏం జేస్తరే తమ్మీ?"

"ఏ చేనుది ఏ చేనుదానికి సుట్టమో జూస్తరన్నా."

"అయితే లగ్గాలు గూడ మీరే కుదురుస్తరా?"

నది పక్కనున్న మొదటి పసుపు చేనులో తవ్వాక, ఆ మట్టి రెండో చేనులో కలవకూడదని తాపీని గోదావరిలో శుభ్రంగా కడిగాను. చేను మారిన ప్రతిసారీ దిగి కడిగాను. శ్రవణ్ తన తాపీని స్పిరిట్‌తో తుడుచుకుంటూ, "మస్తు నీటుగ జేస్తున్నవ్‌రా" అని నవ్వాడు.

వారం తర్వాత, తాపీ ఎక్కడ కడిగానో అడిగి తెలుసుకుని, మేడమ్ నా డబ్బాలన్నీ పక్కన పెట్టేశారు. "గోదారి నీళ్లల్ల గూడ పురుగులుంటయి తమ్ముడూ. ఇప్పుడు ఏది చేనుదో, ఏది నీళ్లదో నేనెట్ల చెప్పాలె?" శిక్షణ శ్రవణ్‌కు ఇచ్చారు. బయట వాణ్ని నిలదీశాను.

"నువ్వడగలే, నేన్ చెప్పలే" అన్నాడు.

నాకు కన్ను కుట్టిందని మగ్గాల దగ్గర అంటున్నారు. కుట్టింది. నేను తెగిన పోగులు ముడేస్తున్నప్పుడు వాడు మైక్రోస్కోపు ముందు కూర్చుంటాడన్న ఆలోచనే నన్ను తినేస్తోంది. ఖానాపూర్ పేరు చెబితే పచ్చటి చేలు కాదు, వాడి నవ్వే గుర్తొస్తోంది.

మట్టి కోసం వెళ్లేవాళ్లు చేనుకో తాపీ తీసుకెళ్లండి. ఒక్కటే ఉంటే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. నది నీళ్లు మాత్రం తగలనివ్వకండి.

మేడమ్, అవే చేలలో నా ఖర్చుతో మళ్లీ తవ్వి తెస్తాను. అందాకా ఆ శిక్షణ మొదలుపెట్టకండి. శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పండి, శ్రవణ్ ఎదురుగానే చెప్పండి.