బీరమ్మకు చెప్పని జబ్బు

1964లో నన్ను వికారాబాదు నుంచి తాండూరులోని ఒక చిన్న దవాఖానాకు బదిలీ చేశారు. నాది ఉమన్ అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం. ఆడవాళ్ల ఓపీ, కాన్పులు నా పని. మిగతా రోగులనూ, నేను లేనప్పుడు ఆడవాళ్లనూ దవాఖానా బాధ్యత ఉన్న పెద్ద డాక్టరు చూసేవారు. ఆయన హస్తవాసికి మంచి పేరుంది. అయితే ఒక పద్ధతి పాటించేవారు. జబ్బు కాస్త పెద్దదని తేలితే రోగిని బయట కూర్చోబెట్టి, వెంట వచ్చిన మగవాడితో మాట్లాడేవారు.

నేను సెలవులో ఉన్నప్పుడు దోమ అనే ఊరి నుంచి బీరమ్మ వచ్చింది. గొర్లు కాసుకునే ఇంటి మనిషి, నలభై దాటాయి. తలనొప్పి, నడిస్తే ఆయాసం. చూస్తే రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది. ఆయన ఆమెను బయటికి పంపి, భర్త మల్లయ్యకు అన్నీ సరిగ్గానే చెప్పారు. ఉప్పు తగ్గించాలి, పొగాకు మానాలి, సర్పగంధ మాత్రలు ఆపకూడదు, లేకపోతే గుండె దెబ్బతింటుంది.

నెల తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చింది. చేతికి పట్టీ చుట్టి చూస్తే పోటు తగ్గకపోగా పెరిగింది. పాత చీటీ చదివి, ఉప్పు తగ్గించావా అని అడిగాను.

“ఉప్పెందుకు తగ్గిస్త డాక్టరమ్మా? నాకెవలు జెప్పిన్రు?” అంది.

మల్లయ్యను పిలిపించాను. “బుగులు వడ్తదని జెప్పలేదమ్మా. గోలీలు తలనొప్పికే అన్న. నొప్పి వోయినంక బంద్ జేసినం,” అన్నాడు.

చెడ్డవాడు కాదు. బీరమ్మ తల్లి గుండెనొప్పితోనే పోయిందట. ఆ మాటెత్తితే ఈమె ఏమైపోతుందోనని నెలంతా ఒక్కడే కుమిలాడు.

బీరమ్మ అతన్ని వదిలేసి నా వైపు తిరిగింది. “వండేది నేను. పొగాకు నమిలేది నేను. గుండె నాది. నాకు జెప్పకుంట ఎవలకు జెప్పిన్రు మీరు?”

ఆమె అడిగింది న్యాయమే. ఒళ్లు మండింది. ఆమెనూ, మల్లయ్యనూ వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లాను. రోగిని భయపెట్టడం వైద్యం కాదని ఆయన నాతో ఇంగ్లీషులో అన్నారు. భాష తెలియకపోయినా బీరమ్మకు సంగతి అర్థమైంది.

“నా మొకం జూసి తెలుగుల జెప్పు సారూ,” అంది.

ఆయన మల్లయ్య వైపు చూశారు. మల్లయ్య తల దించుకున్నాడు. నన్నే చెప్పుకోమని ఆయన చేయి ఊపారు.

నా గదిలో కూర్చుని, తల్లి సంగతి మొదలుకొని అంతా మాట్లాడుకున్నాం. “ఇంటిల్లిపాదికి సప్పటి కూర వెడ్తె తింటరా?” అని అడిగింది. తన వంతు ముందే తీసిపెట్టుకుని తర్వాత ఉప్పు వేస్తానని తనే తేల్చుకుంది. ఉప్పెక్కువని తొక్కు పచ్చడి మానేసింది. పొగాకు పూర్తిగా మానలేకపోయింది, ఆ మాట నా దగ్గర దాచలేదు. మాత్రలు మాత్రం మానలేదు. కొన్ని నెలల్లో పోటు దిగింది. నేను తాండూరులో ఉన్నన్నాళ్లూ బస్సెక్కి వచ్చి చూపించుకునేది.

నాకు మాత్రం సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. పై అధికారి నిర్ణయంలో జోక్యం చేసుకున్నానట! ఏమిటా నిర్ణయం? ఆమె గుండె గురించి ఆమెకు చెప్పకూడదన్నది. ఇన్నేళ్ల తర్వాత తలచుకున్నా నాకు కోపమే వస్తుంది.

గుండె జబ్బు రాకుండా చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం రోగి ఇంట్లో, రోగి చేతుల మీదుగానే జరగాలి. కాబట్టి రోగితోనే మాట్లాడాలి. ఆ తర్వాత నా సర్వీసులో ఏ రోగినీ బయట కూర్చోబెట్టలేదు. వెంట వచ్చినవాళ్లు లోపలికి రావాలా వద్దా అన్నది రోగినే అడిగాను. అందుకు ఎవరి అనుమతీ తీసుకోలేదు.