విప్పని కుట్టు

పక్క పోర్షన్‌లో ఎవరో నువ్వులు వేయిస్తున్నారు. ఆ చిటపటలు, ఆ కమ్మటి వాసన మా జనగామ ఇంటి వంటగదిలోకి వచ్చాయంటే సద్దుల బతుకమ్మ రేపే. ఒకప్పుడు ఈ వాసనకు నాకు భయం వేసేది. ఇప్పుడు ఆకలి వేస్తోంది. ఆ భయానికీ ఈ ఆకలికీ మధ్య ఒక మనిషి ఉంది. మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పిన జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్, వినోద మేడం.

ఊహ తెలిసినప్పటి నుంచి నేను తగ్గుతూనే ఉన్నాను. పెళ్లిచూపులకు తగ్గాను, పెళ్లికి తగ్గాను, కాన్పయ్యాక అత్తగారి చూపులకు తగ్గాను. ఓ ఏడాది ఉడకబెట్టిన సొరకాయ, ఇంకో ఏడాది నిమ్మకాయ నీళ్లు. తగ్గిన ప్రతిసారీ అంతకంటే ఎక్కువే పెరిగాను. నా జాకెట్లకు పక్కన వరుసగా కుట్లుండేవి. తగ్గితే లోపలికి ఒకటి వేసేదాన్ని, పెరిగితే విప్పేదాన్ని. ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో అందరం డబ్బాలు మధ్యలో పెట్టుకుని తింటుంటే, కీర ముక్కలున్న నా డబ్బా మీద నుంచి మేడం చూపు నా జాకెట్టు మీదికి వచ్చింది.

"ఏందే సుజాతా, గిన్ని సూది బొక్కలు? గిది జాకెట్టా, జల్లెడనా?"

"ఈసారి పక్కా తగ్గుతున్న మేడం. ఇగ విప్పేది లేదు."

"పోయినేడు గూడ గిదే అన్నవు. తగ్గుడు నీకు మంచిగొచ్చు. ఆగుడే రాదు."

నాకు ఒళ్లు మండింది. లావుగా ఉన్న ఆడది కనబడితే చాలు, సలహా ఇవ్వడానికి అందరికీ నోరు లేస్తుంది. ఈమె కూడా అంతేననుకున్నాను.

ఆ ఏడు సద్దుల నాడు బతుకమ్మలను నీళ్లలో వదిలాక, ఆచారం ప్రకారం వేయించిన నువ్వులు, బెల్లం కలిపి దంచిన సత్తుపిండిని ఒకరి అరచేతిలో ఒకరం పెట్టుకున్నాం. ఇచ్చిన సత్తును కాదనకూడదు. నేనూ కాదనలేదు. తీసుకున్నదంతా గుట్టుగా కొంగు చివర ముడి వేసుకున్నాను. పొద్దుటి నుంచి మంచినీళ్లే. గట్టు ఎక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మి కూలబడిపోయాను. మేడం నా పక్కన చతికిలబడి ఆ ముడి విప్పింది.

"గౌరమ్మ సత్తు ఎవలికి దాస్తున్నవ్, చీమలకా?"

"తింటే మళ్ల ఉబ్బుత మేడం."

"తినకనే గదనే గిట్ల పడ్డవు. గింతమంది చూడంగ పడ్డవు కాబట్టి లేపినం. ఒంటిగ ఉన్నప్పుడు పడితే? రేపటి సంది తగ్గకు, పెరగకు. ఏడాది గీ జాకెట్టు కుట్టు ముట్టకుండ ఉండి చూపియ్. అయితదా నీతోని?"

చేతకాదనిపించుకోవడం నా ఒంటికి పడదు. అక్కడే కూర్చుని సత్తు తిన్నాను.

ఆ ఏడాదంత కష్టం ఏ ఉపవాసంలోనూ పడలేదు. వేళకు అన్నమో జొన్నరొట్టో, పప్పు, ఆకుకూర. సాయంత్రం మేడంతో నడక. తగ్గినప్పుడు ఊరంతా మెచ్చుకుంటుంది. ఆగి ఉన్నదాన్ని ఒక్కరూ గమనించరు. ఒక పెళ్లిలో కడుపు నిండా తిని, మర్నాడు పస్తుంటానని మేడంతో అన్నాను.

"ఒక్క విందుకు గంత శిక్షనా? పొద్దున మామూలుగ తిను, సాయంత్రం నడువ్. గంతే."

మళ్లీ సద్దులు వచ్చాయి. అదే జాకెట్టు, కుట్టు విప్పలేదు, కొత్తది వేయలేదు. మేడం ఆ కుట్టు వెంట వేలితో ఒకసారి రాసి చూసి, నా అరచేతిలో సత్తు పెట్టింది. ఆమె ఇప్పుడు లేదు.

మొన్నామధ్య భూపాలపల్లి పెళ్లిలో మా ఆడపడుచు నన్ను ఎగాదిగా చూసి, "ఏం తగ్గలేదు గద వదినా?" అంది. "పెరగలేదు గూడ. గది కనబడలేదా?" అన్నాను. నా విస్తట్లో బూరె ఉంది, తిన్నాను.

రేపటి పండుగకు కొత్త జాకెట్టు కుట్టిస్తున్నాను. కొలతలు తీసుకున్న టైలరమ్మ అలవాటు కొద్దీ అడిగింది.

"పక్కలకు బట్ట ఎక్కువ ఇడువాల్నా అక్కా, ముందుముందు లావైతే ఇప్పుకోను పనికొస్తది?"

"వద్దు," అన్నాను. "కత్తిరించి పారెయ్."