పండరిపురం పోయొచ్చిన తాళంచెవి

“నేను లేని ఆ రెండు రోజుల్ల పాపకు ఎక్కిళ్లు మొదలై ఆగకపోతే ఎట్ల?”

అంబలి పోస్తున్న సంగమ్మ చెయ్యి అలాగే ఆగింది. అడిగింది డాక్టరును కాదు, తనను. అడిగిన చోటు దవాఖాన కాదు, న్యాల్‌కల్ దగ్గరి తమ జొన్నచేను. ఎదురుగా నవత కూర్చుంది. ఒళ్లో ఏడాది దాటిన దీక్షిత, దీక్షిత నోట్లో నానబెట్టిన సజ్జరొట్టె ముక్క. ఎక్కిళ్ల జాడ ఎక్కడా లేదు.

“ఎక్కిళ్లు ఆగక సచ్చినోళ్లను నేనైతే సూడలే బిడ్డా,” అంది సంగమ్మ.

నవత కూడా చూడలేదు, కానీ చదివింది. ఏదో దేశంలో ఒకాయనకు పట్టిన ఎక్కిళ్లు అరవై ఏళ్లు దాటినా వదల్లేదట. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మనిషితో వచ్చే చిక్కే ఇది. అందరికీ భయం ఒట్టిగా వస్తుంది, నవతకు మాత్రం ఆధారాలు వెంటబెట్టుకొని వస్తుంది.

జహీరాబాద్‌లో హైవే పక్కనున్న మసాలాల ఫ్యాక్టరీ ల్యాబులో నవతకు ఉద్యోగం. కారంలో ఇటుకపొడి కలిసిందా, అల్లంలో తడి ఎంతుంది, ఇవి చూడటం ఆమె పని. ల్యాబుకు కొత్త యంత్రం వస్తోంది. దాన్ని నడపడం నేర్పడానికి హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. నేర్చుకొని వచ్చినవాళ్లే ల్యాబుకు ఇన్‌ఛార్జి. నవత పోకపోతే ఆ కుర్చీ జగన్‌మోహన్‌కు పోతుంది. జగన్‌మోహన్ నిన్నగాక మొన్న చేరినవాడు, గాజుసామాను సరిగ్గా కడగడం కూడా రానివాడు. ఆ సంగతి తలుచుకుంటే నవతకు ఒళ్లు మండేది. పాపను వదిలి పోవడం తలుచుకుంటే ఒళ్లు చల్లబడేది. శిక్షణ ఎల్లుండి మొదలవుతుంది, నవత ఇంకా పోతానని గానీ పోనని గానీ ఫ్యాక్టరీలో చెప్పలేదు.

భర్త వికాస్‌కు ఆ రెండు రోజులు సెలవు దొరకలేదు. జహీరాబాద్‌లో వాళ్లింటికి వచ్చి పాపను చూసుకుంటానని ముందుకొచ్చింది అతని పెద్దమ్మ సంగమ్మే.

ఆ రోజు ఎల్లమాస. మార్గశిర అమావాస్య. కన్నడ దేశం గాలి తగిలే ఈ ఊళ్లల్లో అది పెద్ద పండుగ. పప్పుగింజలు, ఆకుకూరలు అన్నీ కలిపి భజ్జి వండుకొని, రొట్టెలు గంపకెత్తుకొని ఇంటిల్లిపాదీ చేనుకు పోతారు. జొన్నకంకుల మధ్య అయిదు రాళ్లు నిలబెట్టి పాండవులని మొక్కుతారు, చేను చుట్టూ అంబలి చల్లుతారు, ఆపైన కడుపునిండా తింటారు. సంగమ్మ ఇంట్లో ఆ రోజుకు ఒక కట్టుబాటు కూడా ఉంది. చేన్లో కూర్చోవాలే తప్ప గడ్డిపోచ పీకకూడదు. ఏడాది పొడుగునా వంగి పనిచేసిన చోటనే ఒక్క పూట ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆమె భర్త నర్సప్పను చూస్తే తెలుస్తుంది. తింటున్నంతసేపూ పక్కనున్న కలుపు మొక్క మీదికి ఆయన చెయ్యి పోవడం, సంగమ్మ దగ్గడం, చెయ్యి వెనక్కి రావడం.

సంగమ్మ మొన్నటిదాకా ఆ ఊరి సర్పంచి. ఊరు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో, నర్సప్ప నడుపుతాడులే అనుకొని ఆమెను నిలబెట్టారు. ప్రమాణం చేసిన రోజు మండలం నుంచి వచ్చిన అధికారి అలవాటు కొద్దీ నర్సప్ప వైపు తిరిగి ఊరి సమస్యలేమిటని అడిగాడట. నర్సప్ప బీడీ పక్కన పెట్టి, ఆమెనే అడగండి, ఇంట్లో కూడా నేను ఆమెనే అడుగుతానని చెప్పాడట. అంతే, ఆ పదవీకాలమంతా ఆయన మళ్లీ నోరు తెరవాల్సిన అవసరం రాలేదు. పొద్దున లేస్తే సంగమ్మ వాకిట్లో జనం. వీధిదీపం వెలగలేదని ఒకరు, పక్కింటివాడి గొర్రె తోటకూర మేసిందని ఒకరు. గొర్రెకు సర్పంచి ఏం చేస్తదని ఆమె ఎవరినీ పంపేయలేదు. గొర్రెను కూడా పిలిపించింది.

భజ్జి రెండోసారి వడ్డిస్తుండగా సంగమ్మ కొడుకు క్రాంతి కుమార్ ఫోనులో ఒక ఫొటో చూపించాడు. ఏదో దేశపు ప్రధానమంత్రి చెడ్డీ వేసుకొని సముద్రం ఒడ్డున పిల్లలతో ఇసుక గూళ్లు కడుతున్నాడు. దేశంలో ఇన్ని కష్టాలుంటే ఈయనకు సెలవు కావాల్సొచ్చిందా అని అక్కడి ప్రతిపక్షం తిట్టిపోస్తోందట. క్రాంతి కూడా వాళ్ల పక్షమే. మన దగ్గర ప్రధానికి సెలవన్నదే లేదు, ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్కని పేపర్లో చదివానన్నాడు.

వికాస్ ఒప్పుకోలేదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఒక్క పూట సెలవుకు ముగ్గురి సంతకాలు పెట్టించుకునే మనిషి అతను. అసలు ప్రధానమంత్రి లీవు లెటరు ఎవరికి రాయాలి, ఎవరు మంజూరు చేస్తారు, ముందు అది తేల్చమన్నాడు. అడగాల్సినవాడు ఎవడూ లేనప్పుడు రోజూ సెలవే, రోజూ డ్యూటీయే అని వాదించాడు. క్రాంతి అమెరికా అధ్యక్షుణ్ని వాదనలోకి దింపాడు. ఆయన విశ్రాంతికని ఎక్కడికి పోయినా సగం ఆఫీసు వెంట పోతుందనీ, యుద్ధం మొదలుపెట్టే పెట్టె పట్టుకొని ఒక అధికారి పక్కనే తిరుగుతాడనీ, దాన్ని సెలవంటే తాను ఒప్పుకోననీ తెగేసి చెప్పాడు.

నవత ఎక్కిళ్లు మరిచిపోయింది. వాదన ఎక్కడ గాడి తప్పినా సర్దకుండా ఉండలేదు ఆమె. సెలవంటే ఏమిటో ముందు నిర్వచించుకోవాలి కదా అంది. ఒకేలాంటి రెండు దేశాలు తీసుకొని, ఒకదాని నాయకుణ్ని పూర్తిగా పంపించేసి, రెండోదాని నాయకుణ్ని కుర్చీలోనే ఉంచి చూస్తే గాని సెలవు వల్ల నష్టమో లాభమో తేలదంది.

“వదినా, మీరు దేశాలను గూడ సీసాలల్ల వోసి ఊపుతరా ఏంది?” అన్నాడు క్రాంతి.

చివరికి తీర్పు సంగమ్మ దగ్గరికి వచ్చింది. అక్కడున్నవాళ్లలో కుర్చీ ఎక్కి దిగింది ఆమె ఒక్కతే. ఆమె దీక్షిత మూతి కొంగుతో తుడిచి, తాపీగా చెప్పింది. “పోతరు. ఎందుకు పోరు? గాని తాళంచెవి నడుముకు కట్టుకొని పోతరు. నేను పోలేదా పండరిపురం?”

నర్సప్ప నవ్వడం మొదలుపెట్టాడు. ఆ కథ ఆయనకు తెలుసు.

సంగమ్మ సర్పంచి అయిన కొత్తలో ఊళ్లో నీళ్ల గొడవ ఉండేది. ఉప సర్పంచి మదన్‌మోహన్ గల్లీకి నీళ్లు ఎక్కువసేపు వస్తున్నాయని మిగతా గల్లీలవాళ్లు బిందెలతో వచ్చి కూర్చున్నారు. సంగమ్మ మోటారు గదికి తాళం వేసి, చెవి నడుముకు దోపుకునే చిన్న సంచిలో పెట్టుకుంది. రోజూ పొద్దున నీళ్లు విడిచే మనిషి ఆమె ఇంటికొచ్చి చెవి తీసుకొనేవాడు, పని కాగానే తెచ్చి ఇచ్చేవాడు. గొడవ అణిగింది. చెవి మాత్రం సంచిలోనే ఉండిపోయింది, ఒంట్లో ఒక ఎముకలాగా.

ఒక ఏకాదశికి భజన మండలివాళ్లు జీపు మాట్లాడుకొని పండరిపురం బయల్దేరారు. సంగమ్మకు ఎన్నో ఏళ్ల మొక్కు. సర్పంచికి సెలవు ఉంటుందా అని ఎవరినీ అడగలేదు, ఎక్కి కూర్చుంది. తెల్లారి చంద్రభాగ నదిలో మూడు మునకలు వేద్దామని దిగింది. మొదటి మునకకే నడుము దగ్గర ఏదో గుచ్చుకుంది. తడిమి చూస్తే మోటారు గది తాళంచెవి.

ఇక రెండో మునక లేదు, మూడో మునక లేదు. ఒడ్డుకొచ్చి ఫోను తీసేసరికి ఊరంతా అందులోనే ఉంది. సంగమ్మ తడిచీరతోనే పరిపాలన మొదలుపెట్టింది. ఫలానా బావి దగ్గర తోడుకోమని ఒకరికి, ఫలానావాళ్ల బోరు అడగమని ఇంకొకరికి ఆజ్ఞలు పోయాయి. ఎవరేం చేసినా తాళం మాత్రం పగలగొట్టొద్దని, తాను వచ్చి తీస్తానని మదన్‌మోహన్‌కు మరీమరీ చెప్పింది. దర్శనం వరుసలో గంటలకు గంటలు నిలబడింది, కాళ్లు వరుసలో, మనసు మోటారు గదిలో. తీరా విఠోబా ఎదుటికి వచ్చింది. ఆ దేవుడు నడుము మీద రెండు చేతులూ పెట్టుకొని నిలబడతాడు కదా.

“నడుం మీద చేతులు వెట్టుకొని నన్నే అడుగుతున్నట్టనిపిచ్చింది బిడ్డా, చెవి యాడుందే సంగమ్మా అని. ఏం మొక్కుకున్ననో ఇప్పటికి యాదికి లేదు.”

చేనంతా నవ్వింది. తర్వాత ఏమైందని నవత అడిగింది. ఏముంది, తాను రాకముందే మదన్‌మోహన్ తాళం పగలగొట్టాడు, నీళ్లొచ్చాయి అని సంగమ్మ ఒక్క ముక్కలో తేల్చేసి, రొట్టెల గంప సర్దడానికి లేచింది. కథ అక్కడ కొంచెం తొందరగా ముగిసినట్టు నవతకు అనిపించింది. కానీ అప్పుడే దీక్షిత గుప్పెడు మట్టి నోట్లో పెట్టుకుంది, దాంతో ఆ ఆలోచన కొట్టుకుపోయింది.

మర్నాడు నవత శిక్షణకు వస్తానని ఫ్యాక్టరీలో చెప్పింది. ఆ రాత్రి సంగమ్మకు పాప సంగతులన్నీ అప్పజెప్పింది. నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలో, అన్నం ఎంత మెత్తగా ఉండాలో, ఏడుపుల్లో ఆకలి ఏడుపు ఏదో, నిద్ర ఏడుపు ఏదో. సంగమ్మ అన్నింటికీ తలూపింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి అట్లా తలూపడం వెనక ఎంత ఓపిక ఉందో ఆ కంగారులో నవతకు కనబడలేదు.

మొదటి రోజు యంత్రం ముందు కూర్చుందే గానీ నవత చెయ్యి ఫోను మీదే ఉంది. టీ విరామంలో ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, భోజనం మధ్యలో ఒకసారి చేసింది. నేర్పే ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూ, నూట నలభై డిగ్రీలు అనాల్సిన చోట నాలుగు చెంచాల పెరుగన్నం అనేసింది. సంగమ్మ ప్రతిసారీ ఒకటే చెప్పింది, బిడ్డ మంచిగుంది. చివరికి ఫోను ఎత్తడం మానేసింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నవత, తన స్నేహితురాలు రమ్య ఉండే గదికి చేరింది. ఛార్జర్ కోసం సంచి తెరిచింది. చేతికి మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగితే నీలం చున్నీ ముక్క. దీక్షిత దాన్ని చెంపకు ఆనించుకుంటే తప్ప నిద్రపోదు. పాపతో బయటికి పోయినప్పుడల్లా నవత తీసుకుపోయేది ఆ సంచే, అలవాటులో అట్లాగే భుజానికి తగిలించుకొని వచ్చింది. చున్నీ కింద జ్వరం మందు ఉంది, దాని కింద ధర్మామీటరు, అడుగున పాపకు తినిపించే చెంచా. ఇల్లు మొత్తం హైదరాబాద్‌లో ఉంది, పాప ఒక్కటే జహీరాబాద్‌లో ఉంది.

నవత బట్టలు సర్దుకుంది. ఇప్పుడు బయల్దేరితే జహీరాబాద్ బస్సు దొరుకుతుంది. రేపు పరీక్ష ఉంది, పోతే పోనీ. ఆ కుర్చీలో జగన్‌మోహన్ కూర్చుంటాడు, కూర్చోనీ. మెట్లు దిగుతూ సంగమ్మకు ఫోను చేసింది. ఈసారి ఎత్తింది. నవత ఏడుపు గొంతుతో చున్నీ సంగతి చెప్పింది.

అవతల సంగమ్మ నవ్వు వినబడింది.

“అంటే తాళంచెవి పట్కపోయినవన్నమాట.”

“పెద్దత్తమ్మా, నేను వస్తున్న. బస్సుంది.”

“నువ్వు రాకు. నేను అప్పుడు పండరిపురం నుంచి ఉరికొచ్చిన, ఏం జేసిన? పలిగిన తాళం సూసిన. ఈడ తాళం మేం పలగ్గొట్టుకుంటం. నువ్వు పరీక్ష రాసి రా.” ఫోను పెట్టేసింది.

నవత మెట్ల మీదే కూర్చుండిపోయింది. బస్సు పోయింది. చాలాసేపటికి వికాస్ నుంచి ఫొటో వచ్చింది. పాప నిద్రపోతోంది. ఎట్లా నిద్రపోయిందని అడిగితే, పెద్దమ్మ చెప్పొద్దన్నదని రాశాడు.

మర్నాడు నవత ఫోను సంచిలో పెట్టి, సంచి రమ్య గదిలో పెట్టి పోయింది. పరీక్షలో యంత్రం ఆమె మాట విన్నది. ఇన్‌ఛార్జి కుర్చీ ఆమెకే వచ్చింది, గాజుసామాను కడగడం జగన్‌మోహన్‌కు ఆమే నేర్పింది. అది తర్వాతి సంగతి.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే చేతులు చాచింది. దీక్షిత తల్లిని చూసింది, నవ్వింది, మళ్లీ సంగమ్మ భుజం మీద తల వాల్చేసింది. చెంపకు ఆనించుకొని సంగమ్మ కొంగు. కొంగుకు పొయ్యి వాసన, పసుపు మరక. నవత చేతులు గాల్లోనే కొంచెంసేపు ఉండి కిందికి దిగాయి. పాపకు ఎక్కిళ్లు రాలేదు, జ్వరం రాలేదు, పస్తుండలేదు. భయపడ్డవి ఒక్కటీ జరగలేదు. మరి ఈ దిగులు ఎక్కడిదో ఆమెకు అర్థం కాలేదు. దీనికి ఆధారాలు ఏ పుస్తకంలోనూ లేవు.

సంగమ్మకు అర్థమైంది. పాపను నవత ఒళ్లో పెట్టి, పక్కన కూలబడింది. ఎల్లమాస నాడు చేన్లో మింగేసిన మిగతా కథ అప్పుడు చెప్పింది. పండరిపురం నుంచి తిరిగి వచ్చిన రోజు ఆమె జీపు దిగి తిన్నగా మోటారు గదికే పోయిందట. మదన్‌మోహన్ కొత్త తాళం కొన్నాడు. దానికి రెండు చెవులు. ఒకటి నీళ్లు విడిచే మనిషి దగ్గర, ఒకటి నాగవ్వ కిరాణా దుకాణంలో మేకుకు. అన్ని గల్లీల్లో నీళ్లు వస్తున్నాయి, రోజూ వచ్చే వేళకంటే కొంచెం ముందే. ఎప్పుడొచ్చినవ్ సంగవ్వా, ప్రసాదం ఏదీ అని అడిగారే తప్ప, నువ్వు లేక ఇబ్బంది అయిందని ఒక్కరూ అనలేదు.

“అగో, ఆ ఒక్క దినం నీళ్లు రాకుంటే మంచిగుండుననిపిచ్చింది బిడ్డా. సర్పంచి అనుకునే మాటేనా అది?” అంది సంగమ్మ. “అందుకే పెద్దపెద్దోళ్లు సెలవుకు పోరేమో. పోతే ఏమన్న అయితదని గాదు. ఏం గాకపోతే ఎట్ల అని.”

నవతకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. దీక్షిత ఆ నీళ్లను వేలితో పొడిచి చూసి, తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

ఇప్పుడు నవత పాపను సంగమ్మకు అప్పజెప్పి పోయేటప్పుడల్లా నీలం చున్నీ కూడా ఆమె చేతికే ఇస్తుంది. తిరిగొచ్చి గడప దాటగానే, నేను లేకుండా పాప ఎట్లా ఉందన్న ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది, వచ్చిన దారినే పోతుంది. ఆ సాయంత్రం సంగమ్మ చెప్పిన మాట అడ్డం నిలబడుతుంది.

“పోయేటప్పుడు చెవి ఇచ్చి పో బిడ్డా. వచ్చినంక, నేను లేకుంటే ఎట్ల తీసిన్రని అడగకు.”