గంగులమ్మ బిడ్డ పాసయిన పరీక్ష

పుంగనూరులో జీపులు బాడుగకు తోలేవాళ్లలో నాకంత మంచి పేరు లేదు. నోరు దురుసు అంటారు. అందుకే యూనివర్సిటీ వాళ్లకు జీపు కావాలని కబురు వచ్చినప్పుడు మా ఓనరు నన్ను పక్కకు పిలిచి, "మునిరాజూ, సదువుకున్న ఆడబిడ్డప్పా. కొంచెం నోరు కట్టేసుకో" అని మరీ చెప్పి పంపాడు. కట్టేసుకునే వెళ్లాను. ఆ కట్టు ఇప్పుడు ఇక్కడ విప్పుతున్నాను. నా గురించి కాదు. ఎర్రగుట్టపల్లె అంగన్‌వాడీ ఆయా గంగులమ్మ గురించి.

అది తొంభై ఆరో సంవత్సరం. వచ్చినామె పేరు శ్వేత మేడం. డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. పసిపిల్లలు ఇంట్లో మాటలు ఎట్లా నేర్చుకుంటారు, తల్లి పెంపకం బట్టి అది ఎట్లా మారుతుంది అన్నది ఆమె విషయం. మానవాభివృద్ధి, కుటుంబ అధ్యయనం అని డిపార్టుమెంటు పేరు. బిడ్డలు పెరగడం కూడా ఒక చదువేనా అని నేను స్టీరింగు పట్టుకుని లోలోపల నవ్వుకున్నాను. పుంగనూరు చుట్టుపక్కల మెట్టపల్లెలు కొన్ని ఎంచుకుని, ఆరు నెలలకోసారి వచ్చి అవే ఇళ్లకు వెళ్లి అవే పిల్లల్ని చూడాలని ఆమె ప్లాను.

చూడటమంటే ఒక పరీక్ష. మేడం సంచిలో బొమ్మల అట్టలు ఉండేవి. ఒక్కో అట్ట మీద నాలుగు బొమ్మలు, పైన రెండు, కింద రెండు. బిడ్డ తల్లి ఒడిలో కూర్చోవాలి. మేడం ఎదురుగా కూర్చుని అట్ట ఎత్తి పట్టుకుని "ఆవు ఏది?" అని అడుగుతుంది. బిడ్డ ఆవు మీద వేలు పెట్టాలి. తల్లి నోరు విప్పకూడదు. అంతే.

గంగులమ్మకు అప్పటికి ముప్పయ్యేళ్లుంటాయేమో. మనిషి బక్కగా ఉన్నా పనిలో గాలివాన. మొగుడు చెంగల్రాయుడు గొర్రెలు మేపేవాడు. అత్త కుప్పమ్మ ఇంటి ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్లందరినీ విచారించేది. సెంటర్లో టీచరు ఉన్నా లేకున్నా, ఇన్‌స్పెక్షన్ అంటే మాత్రం గంగులమ్మ చేతి మీదే నడవాలి. జీపు చప్పుడు వినబడగానే పక్క పల్లె నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చి వరసలో కూర్చోబెట్టేది. తలలకు నూనె, ముక్కులు శుభ్రం, నోట్లో ఒక పాట. ఏ పిల్ల ఏ ప్రశ్నకు లేచి నిలబడాలో ముందే చెప్పి ఉంచేది. వచ్చినవాళ్లు మెచ్చుకుని టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అందులో మోసం ఉందని ఆమె అనుకోలేదు, మా తట్టు ఎవ్వరూ అనుకోరు. పైనుంచి ఎవరైనా వస్తే ఇల్లు చిమ్మి, ముగ్గేసి, బిడ్డల్ని బాగా చూపించడం మర్యాద. అంతకుమించి మరేమీ కాదు.

గంగులమ్మ ఒక్కగానొక్క కూతురు లత. మేడం మొదటిసారి వచ్చేటప్పటికి రెండేళ్లు దాటాయి. చురుకైన పిల్ల. గుండ్రటి కళ్లు ఎప్పుడూ ఎవరి మొహం మీదనో తిరుగుతుండేవి. చెక్కముక్కలు ఇస్తే ఒకదాని మీద ఒకటి పెట్టి గోపురం కట్టేసింది. మాట మాత్రం లేదు. బొమ్మల అట్ట ముందు పెట్టి "కుక్క ఏది?" అంటే మేడం మొహం చూసి నవ్వింది.

"చిన్నది కదా, పర్వాలేదు. మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం" అంది మేడం.

ఆ మాట గంగులమ్మకు తల కొట్టేసినట్టయింది. సెంటర్లో ఊరి పిల్లలందరికీ పాటలు నేర్పే ఆయా సొంత బిడ్డ, అందరి ముందర నవ్వి ఊరుకుంది. కుప్పమ్మ మాత్రం దిగులుపడలేదు. "మా చెంగల్రాయుడికి అయిదేండ్లకు గానీ మాట రాలా. ఇప్పుడు నోరు మూయమన్నా మూయడు" అనేది. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. చిలక కొరికిన జామపండు వెతికి తినిపించారు. బోయకొండ గంగమ్మకు మొక్కుకున్నారు. మాట రేపో మాపో వస్తుంది, అది రాకముందే మూగది అని పేరు పడిపోతే ఆ పేరు మళ్లీ ఊడదు. గంగులమ్మ భయమంతా అదే.

పిల్లకు చెవులు వినబడవేమో అన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. "లతా" అని పిలుస్తూ కాలితో నేల తట్టడం గంగులమ్మకు అలవాటు. నేల అదిరితే పిల్ల తిరిగి చూసేది. పిలిస్తే పలుకుతోందనే అనుకున్నారు.

రెండోసారి మేము వెళ్లేనాటికి గంగులమ్మ తయారై ఉంది. తర్వాత ఎప్పుడో ఆమే చెప్పింది నాకు. సెంటర్లో చినిగిపోయిన చార్టుల్లోంచి బొమ్మలు కత్తిరించి, నాలుగు నాలుగు చొప్పున అట్టలకు అంటించి, పనైపోయాక పిల్లను ఒళ్లో పెట్టుకుని నేర్పిందట. పైన కుడివైపు బొమ్మకు కుడి భుజం. పైన ఎడమకు ఎడమ భుజం. కింది రెండు బొమ్మలకు రెండు మోకాళ్లు. ఎక్కడ చెయ్యి తగిలితే అక్కడి బొమ్మ మీద వేలు పెట్టాలి. పెడితే బెల్లం ముక్క. లత చాలా తొందరగా పట్టేసింది. ఆ పిల్లకు తెలివి తక్కువేమీ కాదు, అదే నన్ను ఇప్పటికీ కాల్చేది.

ఆ రోజు నేను గుమ్మం బయట బీడీ కాలుస్తూ చూస్తున్నాను. మేడం ఒక్కో పేరు అడుగుతోంది. గంగులమ్మ నోరు మెదపకుండా బిడ్డను పొదివి పట్టుకుని కూర్చుంది. చేతులు ఒకసారి భుజం మీద, ఒకసారి మోకాలి మీద. ఏ తల్లి చేతులైనా అట్లాగే ఉంటాయి కదా. లత వేలు టకటకా బొమ్మల మీద పడుతోంది. మేడం మొహం వెలిగిపోయింది.

"మాటలు వచ్చాయా?" అని అడిగింది.

"ఇంట్లో నోరు మూయదు మేడమ్మా. కొత్తోళ్ల ముందర సిగ్గు, అంతే" అంది గంగులమ్మ.

ఊళ్లో మారప్ప అని ఒక ముసలాయన, ఆయన మనవడు అంజిది ఆ పక్క వీధే. వాడు లత ఈడువాడు. వాడు ఒక్క బొమ్మ కూడా చూపించలేకపోయాడు. మేడం వెనక నుంచి చప్పట్లు కొట్టి చూసింది, వాడు తిరగలేదు. పరీక్షలో బాగా వెనకబడిన పిల్లల్ని కుప్పంలో ఆసుపత్రికి చూపించాలని వాళ్ల ఏర్పాటు. మారప్పనూ అంజినీ నా జీపులోనే పలమనేరు మీదుగా కుప్పం తీసుకెళ్లాను. చెవి మిషన్ పెట్టారు. దానికి తోడు వారం వారం వెళ్లి మాటలు నేర్పించుకోవాలన్నారు. మారప్ప విసుక్కుంటూ, తిట్టుకుంటూ, బస్సుల్లో పడి వెళ్లొచ్చేవాడు. వాడి చెవిలో మిషన్ చూసి ఊళ్లో పిల్లలు రేడియో అని పేరు పెట్టారు.

గంగులమ్మ మారప్ప ఇంటికి వెళ్లి నిజంగానే బాధపడింది. "పాపం, పిల్లోడు ఫెయిలయినాడు. నాకు ముందే చెప్పుంటే నేను నేర్పిస్తా ఉంటి గదన్నా" అంది.

రెండేళ్లు ఇట్లా జరిగింది. చివరిసారి వచ్చినప్పుడు శ్వేత మేడం గంగులమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మేము చూసిన పిల్లల్లో మీ లతే ఫస్టు. మా ముందర మాట్లాడటం లేదని బెంగపెట్టుకోకండి, సిగ్గు పోతే అదే మాట్లాడుతుంది. మీలాంటి తల్లి దొరకడం ఆ పాప అదృష్టం" అంది.

ఇక్కడే నాకు అర్థం కానిది ఒకటుంది. ఆ పరీక్ష ఎట్లా పాసయిందో గంగులమ్మకు తెలుసు. తన చేతులకు తెలుసు. అయినా ఆ మాట ఆమె పూర్తిగా నమ్మింది. యూనివర్సిటీ వాళ్లు అంత దూరం నుంచి వచ్చి, రెండేళ్లు చూసి చెప్పారు కదా. అన్నాళ్లూ గుండెల మీద ఉన్న బరువు దించుకోవడానికి ఒక మాట కావాలి, ఆ మాట దొరికింది. ఆ తర్వాత ఎవరు అడిగినా ఒకటే జవాబు. "మా బిడ్డను పరీక్ష జేసినారప్పా. ఏమీ లేదంట." వాళ్లను తిట్టాలో ఈమెను తిట్టాలో, సంగతి తెలిశాక కూడా నాకు తేలలేదు. ఇప్పటికీ తెలియదు.

లతకు ఏడేళ్లు నిండాయి. బడిలో వేశారు, అయ్యవారు వెనక బెంచీలో కూర్చోబెట్టి వదిలేశాడు. మాట రాలేదు.

ఒకరోజు గంగులమ్మ సెంటర్లో గిన్నెలు కడుగుతుంటే అంజి వచ్చాడు. బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు. గుమ్మంలో నిలబడి, "అత్తా, నీల్లు ఇయ్యత్తా" అన్నాడు. మాట కొంచెం ముక్కుతో వచ్చింది. కానీ మాటే. గంగులమ్మ చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. వాడు నీళ్లు తాగి, చెవి మిషన్ సర్దుకుని, "పోతాండా" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే చెంగల్రాయుడు నా దగ్గరికి వచ్చాడు. "తెల్లారి కుప్పం పోవాలప్పా. ఏమీ అడగద్దు" అన్నాడు.

ఆసుపత్రిలో సిమెంటు గచ్చు. డాక్టరు లత వెనక నిలబడి గంట మోగించాడు, తప్పెట కొట్టాడు, పేరు పెట్టి పిలిచాడు. పిల్ల గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది. గంగులమ్మ కూడా పిలిచింది, పక్కన నిలబడి కాలితో గచ్చు తట్టింది. గచ్చు అదరలేదు. పిల్ల తిరగలేదు.

"పుట్టినప్పటి నుంచీ వినబడదమ్మా. రెండేళ్లకో మూడేళ్లకో తెచ్చుంటే మాటలు నేర్పి ఉందుము. ఇప్పుడు మిషన్ పెట్టినా చప్పుడు వినబడుతుంది గానీ, అది మాట అని పిల్లకు తెలియదు" అన్నాడు డాక్టరు.

"ఈ బిడ్డ పాసయిందయ్యా" అంది గంగులమ్మ. డాక్టరుకు అర్థం కాలేదు. నాకూ అప్పుడు అర్థం కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో చెప్పింది, భుజాల సంగతీ మోకాళ్ల సంగతీ. మొగుడి ముందరే చెప్పింది. ఏడవలేదు. చెంగల్రాయుడు వెనక సీట్లో నిద్రపోతున్న కూతురి తల ఒడిలో పెట్టుకుని, పలమనేరు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఆ మనిషి ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని గంగులమ్మ తర్వాత నాతో చాలాసార్లు అంది.

మిషన్ పెట్టారు. ఆ చప్పుళ్లకు పిల్ల జడుసుకుని పీకి పారేసేది. మదనపల్లెలో చెవిటి పిల్లల బడి ఒకటి ఉందంటే హాస్టల్లో చేర్చారు. అక్కడ చేతులతో మాట్లాడటం నేర్పుతారు. లత అన్నం ముట్టలేదు. అమ్మ ఎందుకు వదిలి వెళ్లిందో ఆ పిల్లకు చెప్పడానికి ఎవరి దగ్గరా మాట లేదు, చేతులతో చెప్పినా ఇంకా అర్థం చేసుకోలేదు. జ్వరం పట్టుకుంది. పది రోజులకే తెచ్చేసుకున్నారు. మళ్లీ చేర్చడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నాన్నతో గొర్రెల వెంట పోవడం మొదలుపెట్టింది. తప్పిన గొర్రెను అందరికంటే ముందు కనిపెట్టేది. ఆకలైతే పొట్ట చూపించేది, కోపమొస్తే నేల తన్నేది. అంతకు మించి దాని మనసులో ఏముందో కన్నవాళ్లకు కూడా తెలియదు. కుప్పమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఇంకా అంటూ ఉండేది, మా చెంగల్రాయుడికీ ఆలస్యంగానే వచ్చిందని. చనిపోయేదాకా అంది.

శ్వేత మేడం మళ్లీ వచ్చింది రెండువేల ఆరులో. అప్పటికి ఆమె లెక్చరరు. అప్పటి పిల్లలు ఇప్పుడు ఎట్లా ఉన్నారో చూడాలని కొత్త ప్రాజెక్టు. జీపు నాదే. దారిలో సంతోషంగా అడిగింది. "గంగులమ్మ గారి పాప ఇప్పుడు ఏ క్లాసు? నేను పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ ఆ ఇంటి గురించే చెప్తాను."

నాకు ఒళ్లు మండింది. "మీరే సూడండి మేడం" అని మాత్రం అన్నాను.

గంగులమ్మ ఆమెను చూసి చాప వేసింది, నీళ్లిచ్చింది. జుట్టు సగం నెరిసిపోయి ఉంది. మేడం కుశలం అడుగుతుంటే మధ్యలో ఆపి, "ఆ బొమ్మల అట్టలు తెచ్చినారామ్మా?" అంది.

"సంచిలో ఉన్నాయి. ఇప్పుడవి ఎందుకు, పాప పెద్దదయింది కదా."

"ఒక్కసారి అడగండి."

దొడ్లో ఉన్న లతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పన్నెండేళ్ల పిల్ల, తల్లి ఎత్తు వచ్చేసింది. గంగులమ్మ చాప మీద కూర్చుని దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల కాళ్లు చాప దాటి బయటికి వచ్చాయి. అట్టలు చూడగానే లత మొహం విప్పారింది, మరిచిపోలేదు. గంగులమ్మ తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

మేడం కొంచెం నవ్వుతూనే అట్ట ఎత్తి పట్టుకుంది. "ఎద్దు ఏదమ్మా?"

లత అట్టను చూసింది. మేడం పెదవులు చూసింది. ఆగింది. మేడం మళ్లీ అడిగింది, ఇంకొంచెం గట్టిగా. లత కదలలేదు. ఎదురుచూస్తోంది. ఏదో తగ్గిందని దానికి తెలుస్తోంది, ఏం తగ్గిందో వెతుకుతోంది. తల తిప్పి తల్లి మొహంలోకి చూసింది. గంగులమ్మ గోడ వైపు చూస్తోంది. మేడం వెనక్కి పెట్టుకున్న గంగులమ్మ చేతుల్ని చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. చదువుకున్న మనిషి కదా, ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడు లత చెయ్యి వెనక్కి పెట్టి, తల్లి చేతిని వెతికి పట్టుకుని ముందుకు లాక్కుని, తన ఒళ్లో పెట్టుకుంది. గంగులమ్మ చాలాసేపు బిగపట్టుకుంది. తర్వాత వేళ్లు మెల్లగా పిల్ల కుడి మోకాలి మీదికి జరిగి నొక్కాయి. లత ఎద్దు మీద వేలు పెట్టి, మేడం వైపు చూసి నవ్వింది. బెల్లం కోసం చెయ్యి చాపింది.