మిలట్రీ గారి ఐసు

మా బావ పిచ్చేశ్వరరావుకి ఉన్న మంచి గుణం, చెడ్డ గుణం రెండూ ఒకటే. పట్టింది వదలడు. మా అక్క కనకదుర్గ ఈ సంగతి పెళ్ళయిన నెలకే కనిపెట్టింది. గుడివాడలో లెక్కల మేష్టారుగా రిటైరైన నాకు మాత్రం ముప్పై ఏళ్ళు పట్టింది.

పెదపారుపూడి పక్క పల్లెలో చిన్న రైతుకి మూడో కొడుకు ఆయన. ఇంటర్ తప్పాడు. మళ్ళీ పరీక్షకి కట్టమంటే కట్టలేదు. ఓ పొద్దున సైకిలు మీద గుడివాడ వచ్చి, అక్కణ్ణించి బస్సెక్కి గుంటూరు సెలక్షన్లకి వెళ్ళి, పరుగులో ముందొచ్చి పట్టాళంలో చేరిపోయాడు. కార్డు ముక్క వచ్చాక గాని తండ్రికి తెలియలేదు. జనరేటర్లు, కంప్రెసర్లు, రేషను నిలవచేసే చల్లగదులు బాగుచెయ్యడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు చేసి హవల్దారుగా ఇంటికొచ్చాడు.

రాగానే చుట్టాలు సలహాల మూటలు విప్పారు. బ్యాంకు గుమ్మంలో తుపాకి పట్టుకుని కూర్చోమన్నాడొకడు. రొయ్యల చెరువు తవ్వమన్నాడింకొకడు. ఈయన అందరి మాటా శ్రద్ధగా విని, తన వాటా పొలం అమ్మేసి, బందరు హార్బరు గిలకలదిండిలో మూతపడి తుప్పుపట్టిన ఐసు ఫ్యాక్టరీ కొన్నాడు. "బంగారంలాంటి మాగాణి అమ్మి నీళ్ళు గడ్డకట్టిస్తాడట!" అని ఊరంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు? ఏడాది తిరిగేసరికి నవ్విన నాపచేనే పండింది. ఆయన ఐసు దిమ్మ గట్టిగా ఉండేది, చెప్పిన వేళకి చెప్పినన్ని దిమ్మలు బోటు దగ్గరికి చేరేవి. హార్బరులో అందరూ ఆయన్ని మిలట్రీ గారు అనడం మొదలుపెట్టారు.

అక్కడితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? ఫ్యాక్టరీ గేటు దగ్గర ఓ బల్ల వేసి, దానిమీద పెద్ద రిజిస్టరు పెట్టాడు. ఐసు కోసం వచ్చిన ప్రతి బోటు వాణ్ణీ నిలబెట్టి మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎంతమంది వెళ్తున్నారు? ఎక్కడికి వెళ్తున్నారు? ఎప్పుడొస్తారు?

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని మన ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బజారుకి వెళ్ళేవాణ్ణే అడగం. అలాంటిది సముద్రం మీదికి వేటకెళ్ళేవాణ్ణి అడగడమా? పైగా ఎప్పుడొస్తావని! ఇరవై రెండేళ్ళు పై రాష్ట్రాల్లో బతికిన మనిషికి ఇంగితం కూడా అక్కడే ఉండిపోయిందని నేను విసుక్కున్నాను.

సూరయ్య అని నలభై ఏళ్ళుగా వేట చేస్తున్న పెద్దాయన ఉన్నాడు. ఆ ప్రశ్నలు వినగానే ఆయన ఎక్కించిన ఐసు ఎక్కించినట్టే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన బోటు కదల్లేదు. ఆ మర్నాడు ఇంకో ఫ్యాక్టరీలో ఐసు ఎత్తుకున్నాడు. ఆయన వెనకే సగం హార్బరు వెళ్ళింది. వారం తిరిగేసరికి మా బావ ఫ్యాక్టరీలో దిమ్మలు అడిగే నాథుడు లేక డబ్బాల్లోనే ఉండిపోయాయి.

అక్క ఫోను చేస్తే నేను రైలెక్కి వచ్చాను. గట్టిగానే చీవాట్లు పెట్టాను. ఆయన తలొంచుకుని అంతా విని, అప్పుడు చెప్పాడు. మంచుకొండల్లో ఓ పోస్టులో పనిచేసేటప్పుడు, తెగిన టెలిఫోను తీగ చూడ్డానికి నలుగురు కిందికి వెళ్ళారట. వెళ్ళేవాళ్ళ పేరు, తిరిగొచ్చే టైము రాసుకోవడం ఆ పూట ఈయన డ్యూటీ. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, తర్వాత రాద్దాంలే అనుకున్నాడు. చెప్పిన టైము దాటింది. వస్తార్లే అనుకున్నాడు. అలా అనుకుంటూ రెండు గంటలు కూర్చున్నాడు. ముగ్గురే వచ్చారు.

"నన్నెవరూ తప్పు పట్టలేదురా. అదే నాకు కష్టం" అన్నాడు.

చీవాట్లు పెట్టినందుకు సిగ్గేసింది. అక్కకి మాత్రం ఈ కథ ఎప్పుడో తెలుసు. రిజిస్టరు తీసి అటక మీద పడేసింది.

"వాళ్ళని అడక్కండి. మీకు కళ్ళున్నాయిగా, చూసుకోండి" అంది.

అలా చూడ్డం మొదలుపెట్టాక ఆయనకో సంగతి తెలిసింది. ఏ బోటు ఎన్ని రోజులకి వెళ్తుందో ఎవర్నీ అడగక్కర్లేదు. అది ఎత్తుకునే ఐసే చెబుతుంది. పట్టిన చేప చెడకుండా రోజుకిన్ని దిమ్మలని ప్రతి బోటుకీ ఓ కొలత ఉంటుంది. దాన్నిబట్టి కంప్రెసరు గది గోడమీద సుద్దముక్కతో బోటు పేరు, అది రావలసిన రోజు రాసుకునేవాడు. సూరయ్య ఇంటికి వెళ్ళి తప్పయిందని కూడా చెప్పుకున్నాడు. మెల్లగా అందరూ తిరిగొచ్చారు, ఒక్క సూరయ్య తప్ప.

పోయినేడు కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానం చేసి, అక్కావాళ్ళింట్లో నాలుగు రోజులుందామని దిగాను. ఆ వారమే అంజి అనే కుర్రాడి బోటు ఆరుగురితో వేటకెళ్ళింది. అంజి మంచి పనివాడు. వాడి భార్య వీరలక్ష్మి హార్బరులో చేపల వేలంపాటలో గొంతున్న మనిషి. అయిదు రోజుల ఐసు ఎత్తుకున్నారు. ఆరో రోజు పొద్దున మా బావ గోడ చూసి, కాఫీ గ్లాసు అలాగే కింద పెట్టేసి హార్బరుకి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. అంజి బోటు కట్టే చోటు ఖాళీగా ఉంది. ఫోను చేస్తే మోగలేదు.

రాని బోటుని రాలేదని పైకనడం అక్కడ ఎంత అపశకునమో ఈసారి మా బావకి తెలుసు. తీరా వాళ్ళు మధ్యాహ్నానికి నవ్వుతూ వస్తే హార్బరులో ఇక ఆయన మొహం ఎవరూ చూడరు. ఫ్యాక్టరీకి మళ్ళీ తాళమే. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న సూరయ్య కూడా, "వస్తార్లెండి మిలట్రీ గారూ" అన్నాడు.

ఆ మాటతో ఆయన నా చెయ్యి విదిలించుకున్నాడు. తిన్నగా వీరలక్ష్మి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ రొయ్యల గంపలు సర్దుతోంది.

"అమ్మాయ్, బోటు నిన్నటికి రావాలి కదూ?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆ మాట నోట రానీకండి బాబాయ్‌గారూ. చేప బాగా పడితే ఓ రోజెక్కువ ఉండరా ఏంటి?"

"పడితే పడిందనుకో. ఐసు లేకుండా దాన్నేం చేసుకుంటారమ్మా?"

వీరలక్ష్మి చేతిలో గంప జారలేదు, కేక వెయ్యలేదు.

"మీరెళ్ళి ఆఫీసులో చెప్పండి. నేను రానండీ. నేను కదిలానంటే ఇక్కడందరూ ఏడుపు మొదలెడతారు" అంది. ఆ వెంటనే పాటలోకి వెళ్ళి నిలబడి రొయ్యల ధర అరవసాగింది. ఆ గొంతులో చిన్న వణుకైనా లేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన ధైర్యవంతుల్లో మా బావకి రెండో స్థానమే.

ఫిషరీసు ఆఫీసులో మా బావ చెప్పిన తీరు చూడాలి. ఏ రోజు, ఏ వేళకి బోటు మొగ దాటి సముద్రంలోకి వెళ్ళింది, ఎటు తిరిగింది, ఎంతమంది, ఎన్ని దిమ్మలు, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. వాళ్ళు అప్పటికప్పుడు కోస్టుగార్డుకి ఫోను చేశారు. హార్బరులో సంగతి పొక్కగానే నాలుగు బోట్లు కదిలాయి. మొదట కదిలింది సూరయ్య బోటు. ఈ నెలలో నీరు దక్షిణానికి లాగుతుందని చెప్పి అటే పట్టుకెళ్ళాడు.

ఏడో రోజు సాయంత్రం నిజాంపట్నం దాటాక అంజి బోటు దొరికింది. మూడో రోజే గేరుబాక్సు పోయి, గాలికి కొట్టుకుపోతోంది. ఆరుగురూ ప్రాణాలతో ఉన్నారు. ఫోనులో ఆ మాట వినగానే మా బావ మా అక్క ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆస్పత్రిలో రెండు రోజులుండి అంజి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చాడు, వీరలక్ష్మి కూడా వచ్చింది. పెదాలు పగిలి ఉన్నాయి, అయినా వాడి నవ్వు వాడిదే.

"మంచినీళ్ళు అయిదో రోజుకే నిండుకున్నాయండి. ఇంక చేపల మీదున్న మీ ఐసే గతయింది. అది కరిగించుకుని తాగామండి. అబ్బ, ఏం ఉప్పండీ బాబూ! ఇద్దరికి వాంతులు. అయినా అదే తాగాం, ఇంకేం తాగుతాం?"

అందరూ నవ్వారు. మా బావ నవ్వలేదు. గిలకలదిండిలో బోరు వేస్తే వచ్చేవి ఉప్పు నీళ్ళే. చేపలకి అవి చాలు, అందరూ వాటితోనే ఐసు చేస్తారు, ఈయనా అంతే. అందులో తప్పేమీ లేదని నేనన్నాను, అక్క అంది, అంజి కూడా అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మూడో రోజుకల్లా మంచినీళ్ళ ట్యాంకరు గేట్లోకి వచ్చింది. ఐసు డబ్బాలన్నీ కడిగించాడు, చిల్లు పడితే తొట్టిలోని ఉప్పునీళ్ళు లోపలికి చేరతాయని అలాంటివి పక్కన పడేయించాడు. ఈ ఖర్చుతో ఆయన వ్యాపారం ఏమైపోతుందోనని నాకు బెంగ.

"చేపలకి మంచినీళ్ళేంటి బావా? లోకం నవ్వుతుంది."

"చేపలక్కాదురా" అన్నాడు.

నెల తిరక్కుండా గేరుబాక్సు బాగుచేసుకుని అంజి మళ్ళీ వేటకి సిద్ధమయ్యాడు. అది చూద్దామని నేను మళ్ళీ బందరు వచ్చాను. ఆ పొద్దున ఐసు ట్రాక్టరు బోటు పక్కన ఆగింది. మా బావ దూరంగా నిలబడ్డాడు, ఎవర్నీ ఏమీ అడగలేదు. మనుషులు దిమ్మలు దించబోతుంటే వీరలక్ష్మి అడ్డొచ్చింది. పైన ఉన్న దిమ్మ మూల రాయితో కొట్టి, రాలిన ముక్క నోట్లో వేసుకుంది. అది పూర్తిగా కరిగేదాకా అందరూ అలాగే నిలబడ్డారు. నీళ్ళు మింగి, మా బావ వైపు చూసి, మనుషులతో "ఎక్కించండి" అంది.