మునియప్ప గుడి మలుపులో ఎత్తిన చేతులు

రాసుకో తల్లీ, ఈ అవ్వ చెప్పేది. నీకు తెలుగు అక్షరాలు రావు, తమిళ అక్షరాల్లోనే రాసుకో. మాటలు మాత్రం మార్చొద్దు. ఇన్నేండ్లుగా ఇది గొంతులో ముల్లు మాదిరి ఉండాది. మింగలేను, కక్కలేను. అలిసిపోయినాను.

నిన్న నువ్వు స్కూటరుకి ఎల్ బోర్డు అంటిస్తా ఉంటే మీ అమ్మ చూసి ఏమనింది? "నీకొద్దు పాపా, మన ఇంటి ఆడోళ్ళకి బండి అచ్చిరాదు" అనింది. ఆ మాట ఆమె నోట్లో పెట్టింది నేనే.

అప్పుడు నువ్వు చంకబిడ్డవి. మీ అమ్మకి పాపారపట్టిలో ఒక బడిలో టీచరు పని కుదిరింది. బస్సు వేళకి రాదని మీ నాయన స్కూటరు కొనిచ్చినాడు. ఎంత పద్ధతిగా నేర్చుకునిందో! ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకునింది. కళ్ళంలో సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీసి, కాలు కింద పెట్టకుండా దాని మీద తిరిగేది. లైసెన్సు పరీక్షలో అదే వేసి చూపించాల. హెల్మెట్ లేకుండా బండి తాకేది కాదు. "గుమ్మడికాయ నెత్తిన పెట్టుకోని పోతా ఉండాది చూడండి" అని నేను నవ్వేదాన్ని.

ఆ పొద్దు కారిమంగళం సంత. బస్సు తప్పిపోయింది. నన్ను దింపమన్నాను.

"లైసెన్సు రానీండి అత్తా. ఎల్ బోర్డుతో వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదు."

"ఓహో! కోడలి బండి ఎక్కాలంటే అత్తకి సర్కారు పర్మిషను కావాల్నా?"

తల వంచుకునింది. "సరే. రెండు పక్కలా కాళ్ళేసి కూర్చోండి. నన్ను గట్టిగా పట్టుకోండి. ఏమొచ్చినా చేతులు ఇడవద్దండి."

"నాకే పాఠమా?" అని చీర సర్దుకోని ఒక పక్కకే కూర్చున్నాను.

మునియప్ప గుడి మలుపు వచ్చింది. ఆ దావలో పోయేవాళ్ళు ఎవరైనా మొక్కాల్సిందే కదా. రెండు చేతులూ ఎత్తినాను. కండ్లు కూడా మూసుకున్నాను. జారినాను. జారతా జారతా మీ అమ్మ కుడిచెయ్యి పట్టి లాగినాను. అంతే.

నాకు మోకాలు గీరుకునింది. ఆమెకి మణికట్టు విరిగింది. హెల్మెట్‌కి రాయి తగిలి ఇంత లోతు సొట్ట. నేను నవ్విన గుమ్మడికాయే ఆమె తల కాపాడింది.

మీ నాయన పరిగెత్తుకోని వచ్చి ఏమైందని అడిగితే, నా నోరే ముందు లేచింది. "మెల్లగా పో అంటే వినలేదురా" అన్నాను. ఎందుకట్లా అన్నాను? భయమా? కోడలి ముందు తప్పు ఒప్పుకుంటే తక్కువైపోతాననా? మీ అమ్మ నా మొకం చూసింది. తిట్టింటే బాగుండు.

బండి అమ్మేసినారు. బడి పనీ పోయింది. ఎవరడిగినా నేను అదే కథ చెప్పినాను. చెప్పి చెప్పి సగం నేనే నమ్మినాను. కడాకి, తనకే చేతకాదని ఆమె కూడా నమ్మేసింది.

రాసేది ఎందుకు ఆపినావు? రాయి. మన్నించమని అడగడంలేదు. మీ అమ్మకి చదివి వినిపించు, ఆమె ఏమైనా అననీ. నాకు మాత్రం ఊపిరి కొంచెం ఆడతా ఉండాది.

ఆ మలుపులో బస్సు తిరిగేటప్పుడు ఇప్పటికీ అందరూ చేతులెత్తుతారు. నేను ముందు సీటు కమ్మి పట్టుకోనే ఉంటాను.